అడిగితేనే చెప్పే రోగి

మా బావకి ఎప్పుడూ ఏదో ఒక జబ్బు ఉంటుంది. వాటిలో ఒక్కటీ ఆయనది కాదు.

వాళ్ళ పెరటి గోడ దాటితే పెద్దాసుపత్రి. అందులోనే ఫిజీషియన్ అసిస్టెంట్ల కాలేజీ ఉంది. డిగ్రీ అయ్యాక ఇంకో రెండేళ్ళు చదివి, డాక్టరు అజమాయిషీలో రోగుల్ని చూసే ఉద్యోగానికి వెళ్తారు. వాళ్ళకి చెయ్యి తిరగడానికి ఉత్తుత్తి రోగులు కావాలి. పోస్టాఫీసులో రిటైరైన బావ ఆ కొలువులో కుదిరాడు. వారానికో జబ్బు ఇస్తారు. నియమం ఒక్కటే: అడిగినదానికే జవాబు చెప్పాలి. కౌంటరు వెనక జీవితం గడిపిన మనిషికి అది వెన్నతో పెట్టిన విద్య.

చిక్కల్లా, ఆయన ఆ జబ్బుని ఇంటికి కూడా తెచ్చుకుంటాడు. ఊళ్ళు పట్టి తిరిగి తిరిగి నేను ఎప్పుడు వాళ్ళింట్లో దిగినా, కుశలప్రశ్నల కన్నా ముందు "ఈ వారం ఏమిటక్కా?" అని అడగాల్సిందే.

"పిత్తాశయంలో రాయి," అంది అక్క ఈసారి, గంజి కలుపుతూ. "నూనె వాసన తగిలితే చాలు, డొక్క పట్టుకుని కూలబడుతున్నారు. ఆ రాయేదో నా నెత్తిన పడ్డా బాగుండేది."

అంతలో బావ వచ్చాడు.

"పాలు తెచ్చారా?"

"తెచ్చాను."

"ఏవీ?"

"బస్సులో మర్చిపోయాను."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగలేదు."

గోడ అవతలి కొలువుకి బస్సెందుకని నాకు అనుమానం వచ్చింది. "పొద్దున్నే ఊరి చివరికి వెళ్తారు. అక్కడ బస్సెక్కి మళ్ళీ ఇక్కడికే వస్తారు. నన్నడక్కు," అంది అక్క.

మర్నాడు నేనూ వెంట పడ్డాను.

చివరి స్టాపులో బస్సెక్కి, ఒళ్ళో లావుపాటి పుస్తకం పెట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చున్నాడు బావ. కూర్చుంటూనే డొక్క పట్టుకున్నాడు. ఆవిడ పుస్తకం మూసింది.

"ఎప్పటినుంచి నొప్పి?"

"రాత్రి భోజనమైన దగ్గర్నుంచి."

"ఎటైనా పాకుతోందా?"

"కుడి భుజంలోకి."

"గ్యాసండీ, సోడా తాగమనండి," అన్నాడు కండక్టరు.

"నువ్వూరుకోవయ్యా, ఆ పిల్లని అడగనీ," అని వెనక సీటులోంచి ఒక ముసలమ్మ కసిరింది.

ఆసుపత్రి స్టాపు దగ్గరపడింది. బావ నోరు విప్పడు. కళ్ళు మాత్రం ఆవిడని బతిమాలుతున్నాయి.

"జ్వరం ఉందా?" అంది ఆవిడ, లేవబోతూ.

"ఉంది. చలి కూడా," అన్నాడు బావ, బరువు దిగినట్టు.

బస్సు దిగాక బావ చెప్పాడు. ఆవిడ ఆ కాలేజీలోనే చదువుతోందట, ఇదివరకు అంబులెన్సులో పనిచేసేదట. మనిషిని ఎత్తడం వచ్చు గానీ మాట్లాడించడం రాదు. కిందటి ప్రాక్టికల్‌లో బావే రోగి. ఆవిడ ఒక లక్షణం అడగలేదు, ఈయన చెప్పలేదు, ఆవిడ తప్పింది. ఇంకోసారి తప్పితే సీటు పోతుంది. అందుకే రోజూ ఈ బస్సులో సాధన. గట్టెక్కితే చివరి స్టాపు దగ్గరి క్లినిక్‌లో ఉద్యోగం సిద్ధంగా ఉంది. అక్కడికి డాక్టరు ఎప్పుడో గానీ రాడు.

"ఆ ఒక్క ముక్క నువ్వే చెప్పేస్తే నీ సొమ్మేం పోయేది బావా?"

"రేపు క్లినిక్‌లో రోగి చెప్తాడా? డాక్టరుకి తీరిక ఉండదు, రోగికి నోరు పెగలదు. మధ్యన నిలబడేవాళ్ళకి ఉద్యోగాలకేం కరువు? అడగడం రావాలి గానీ."

పరీక్షనాడు ఆవిడకి వేరే రోగిని ఇచ్చారు. వరండాలో బావకి నిజంగానే చెమటలు పట్టాయి. లోపల ఆవిడ అన్నీ అడిగి, లేవబోయి, మళ్ళీ కూర్చుందట. "మీరు చెప్పాలనుకుని, నేను అడగనిది ఏమైనా ఉందా?" అందట. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆవిడ పాసయింది.

ఉద్యోగంలో చేరే ముందు చెప్పి వెళ్దామని ఇంటికొచ్చింది.

"ఈ ఇంట్లో జబ్బులన్నీ మీ బాబాయిగారివే తల్లీ," అంది అక్క. "నా మోకాలికి వంతెప్పుడొచ్చింది గనక?"

ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఏ కాలు పిన్నిగారూ?"

అక్క నోరు తెరిచేలోగా బావ అందుకున్నాడు. "ఎడమది. మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. పొద్దున లేవగానే మంచంకోడు పట్టుకుని కాసేపు నిలబడుతుంది. ఎవరైనా చూస్తే మాత్రం ఏమీ లేనట్టు నడుస్తుంది."

అక్క ఆయనకేసి కొత్తగా చూసింది.

"మిమ్మల్నెవరడిగారు?" అంది, కాలు ముందుకి చాపుతూ.