పెద్దమ్మ అమ్మలేకపోయిన హార్మోనియం

మా పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను కామారెడ్డిలో పనిచేసే బట్టల షాపు మెట్ల మీద కూర్చుని, ఓనరు తాళాలు తెస్తాడేమోనని చూస్తున్నాను. ఎల్లారెడ్డి అవతల ఉన్న మా ఊరి నుంచి పక్కింటి అవ్వ చేసింది. "బిడ్డా, మీ పెద్దమ్మ తెల్లారంగ పోయింది. జెల్ది రా" అని పెట్టేసింది. కాసేపటికి మా చర్చి సంఘం వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో వచ్చింది. చుట్టూ గులాబీలు పెట్టి, కింద 'ప్రభువునందు నిద్రించారు' అని రాశారు. చూడగానే ఒళ్లు మండింది. రాసినవాళ్ల తప్పేమీ లేదు, ఎవరు పోయినా అదే రాస్తారు. కానీ ఆఖరి నెలల్లో వారం వారం ఆమె పక్కన పడుకున్నదాన్ని నేను. ఆమె ఎంత నిద్రపోయిందో నాకు తెలుసు.

ఆమె మా అమ్మకు అక్క. నాకు రెండో అమ్మ అని రాయబోయి ఆగాను. అలా రాస్తే ఆమే నవ్వుతుంది, "ఒక్క అమ్మతోనే ఏగలేదు నువ్వు" అంటుంది. పిల్లలు లేరు. పెదనాన్న పోయి చాలా కాలమైంది. వారమంతా బీడీలు చుట్టేది, ఆదివారం మా ఊరి చర్చిలో హార్మోనియం వాయించేది. చిన్నప్పుడు బోర్డింగ్ బడిలో ఒక టీచరమ్మ నేర్పిన విద్య అది. శనివారం సాయంత్రం చేట పక్కన పెట్టి, సబ్బుతో చేతులు తోముకునేది. హార్మోనియం మెట్లకు పొగాకు వాసన అంటకూడదట. ఎంత తోమినా అంటింది. దగ్గర కూర్చుని పాడిన నాకు ఆ పాటలన్నీ ఇప్పటికీ తునికాకు వాసనతోనే గుర్తున్నాయి.

ఆ హార్మోనియం కూడా కొత్తదేమీ కాదు. చిరుతలతో రాముని భజన నేర్పే ఒక గురువు వయసు మీరి మానేస్తే, ఆయన దగ్గర పెదనాన్న పాతదే కొన్నాడు. పెద్దమ్మ దాన్ని తుడుస్తూ, "ఇన్నొద్దులు రామునికి చేసింది, ఇప్పుడు ఏసయ్యకు చేస్తున్నది. పించిని లేని నౌకరి దీనిది" అనేది. ఎలుకలు గాలి తిత్తి కొరకకుండా దాని చుట్టూ వేపాకు పరిచేది. తనకు జ్వరమొస్తే గోలీ కొనుక్కోని మనిషి, తిత్తికి చిరుగు పడితే ఎల్లారెడ్డి దాకా ఆటోలో తీసుకుపోయింది.

వాయించేటప్పుడు మాత్రం ఆమెతో చాలా కష్టం. పాట కొంచెం నెమ్మదిస్తే చాలు, ఆరాధన మధ్యలోనే వాయింపు ఆపేసేది. "పాటను ఈడ్వకుర్రి, అది బర్రె గాదు" అనేది. సంఘపెద్దకు గొంతు పెద్దది, తాళం లేదు. ఆయనకు ప్రతి క్రిస్మస్ ముందు, "తమ్మీ, నువ్వు సప్పట్లు కొట్టు, దేవుడు అవి సుత వింటడు" అని చెప్పేది. ఆయన తల ఊపి, పండుగనాడు అందరికంటే గట్టిగా పాడేవాడు.

ఇలాంటివి ఇంకా ఎన్నో రాయగలను. నవ్వుకుంటూ రాయాలనే కూర్చున్నాను. కానీ ఎక్కడ మొదలుపెట్టినా మనసు ఆ కోతకాల పండుగ దగ్గరికే పోతోంది.

నిరుడు కాక అంతకుముందు వానాకాలం చివర్లో ఆమె కామారెడ్డి వచ్చింది. నా గదిలో తలుపు వేసి, రవిక గుండీలు విప్పి, నా చెయ్యి పట్టుకుని తన రొమ్ము మీద పెట్టుకుంది. గడ్డ చేతికి తగిలింది. ఎన్నాళ్ల నుంచి అంటే సరిగ్గా చెప్పలేదు. మరునాడు లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆపరేషన్ సర్కారు కార్డు మీద అవుతుందని, దానికి ముందు స్కానింగు, గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష త్వరగా చేయించుకుని హైదరాబాద్ పోవాలని ఆమె చెప్పింది. ఆ పరీక్షల ఖర్చు, రానుపోను, అక్కడ ఉండడం, అన్నీ మేమే చూసుకోవాలి. అప్పటికి షాపులో మా జీతాలు సగం సగం ఇస్తున్నారు. బీడీ కార్ఖానా వాళ్లు ఆకు తగ్గించి, వారంలో కొన్ని రోజులే పని ఇస్తున్నారు.

ఆసుపత్రి నుంచి వస్తూ బస్టాండులో ఆమే అన్నది. "హార్మోని అమ్మేస్త."

నేను ఆగి ఆమె ముఖంలోకి చూశాను.

"ఏందే అట్ల సూస్తవు? పానం కంటె ఎక్కువనా అది?" అని, గొంతు తగ్గించి, "ఎవ్వలకు చెప్పకు. రొమ్ముల గడ్డ అంటే ఊర్ల నోటికో తీరు అంటరు" అంది.

చెప్పనని మాటిచ్చాను.

కొనేవాడు దొరకడం కష్టం కాలేదు. అయ్యప్ప దీక్షల రోజులు అవి. భిక్నూర్ నుంచి మా షాపుకు నల్ల బట్టల కోసం వచ్చిన ఒక స్వామి, తమ భజనకు మంచి పాత హార్మోనియం కావాలని మాటల్లో అన్నాడు. పెద్దమ్మతో ఫోన్ కలిపాను. ఆమె ఫోన్ ముందు వాయించి వినిపించింది. ఆయన బేరం కూడా ఆడలేదు. ఆదివారం డబ్బుతో వచ్చి తీసుకుపోతానన్నాడు. ఆ ఆదివారమే మా ఊరి చర్చిలో కోతకాల పండుగ. "మంచిదే. పండుగనాడు ఆఖరుసారి వాయించి, ఆడికెళ్లే ఇచ్చేస్త. ఇంటికి తెచ్చుకుంటే మల్ల మనసు మారుతది" అంది పెద్దమ్మ.

కోతకాల పండుగ తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వరి కోతలు అయ్యాక ఎవరికి పండింది వాళ్లు చర్చికి తెస్తారు. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, చెరుకు గడలు, అన్నీ బలిపీఠం మెట్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, వచ్చిన డబ్బు సంఘానిది. అది మామూలు వేలం కాదు. గుమ్మడికాయను మేక ధరకు పాడతారు. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి తీసుకుపోకుండా మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, దాన్ని మళ్లీ వేలం వేస్తారు. నవ్వులు, చప్పట్లు, పోటీ. ఒక్కటి మాత్రం ఎవరూ చెయ్యరు. మెట్ల ముందు పెట్టినదాన్ని వెనక్కి తీసుకోరు.

పెద్దమ్మ మామూలుగా ఆడవాళ్ల వైపు గోడ పక్కన స్టూలు మీద హార్మోనియం పెట్టుకునేది. ఆ రోజు ఆ మూలంతా వడ్ల బస్తాలు నిండి, మెట్ల పక్కనే చాప వేసి కూర్చోబెట్టారు. ఆఖరి పాట వాయించింది. హార్మోనియాన్ని శుభ్రంగా తుడిచి, కొన్నవాడికి మర్యాదగా ఇవ్వాలని కొత్త తువ్వాల్లో చుట్టి ముడి వేసింది. దాన్ని కూర్చున్నచోటే ఉంచి, మేము వచ్చామేమోనని గేటు దాకా వచ్చింది. మా సంఘంలో కొత్త గుడ్డలో చుట్టి మెట్ల దగ్గర పెట్టారంటే దానికి ఒకటే అర్థం.

నేను బస్సు దిగి నడుస్తున్నాను, స్వామి బండి నెట్టుకుంటూ నా పక్కనే వస్తున్నాడు. చర్చి మైకు వినబడింది, సంఘపెద్ద గొంతు. "ఇన్నేండ్ల సంది మనకు వాయించిన అక్క, తన హార్మోనిని దేవునికి ఇచ్చేసింది. ఆమెకు ఏమున్నది? ఉన్నదే ఇచ్చింది. పాడుర్రి మరి."

పెద్దమ్మ గేటు నుంచి వెనక్కి పోయి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నేను పరుగెత్తి పోయి, "పెద్దమ్మా, ఏందిది? నేను పోయి చెప్త" అన్నాను. నా మణికట్టు పట్టుకుంది. బీడీలు చుట్టిన వేళ్లు, వదిలించుకోవడం నా వల్ల కాలేదు.

"ఊకో బిడ్డా. అందరు ఏడుస్తున్నరు" అంది.

నిజమే. ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు. సంఘపెద్ద కూడా మైకు పక్కకు పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. వేలం పాట పెరుగుతూ పోయింది. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన చివరికి పాడుకున్నాడు, స్వామి ఇస్తానన్నదాని కంటే ఎక్కువే. ఆయన మైకు తీసుకుని, "ఇది ఎక్కడికి పోవద్దు. గుడిలనే ఉండాలె, పెద్దమ్మనే వాయించాలె" అని సంఘానికే తిరిగి ఇచ్చేశాడు. దాన్ని మళ్లీ వేలం వేయొద్దని అందరూ అన్నారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. అందరికీ అన్నీ దక్కాయి. హార్మోనియం చర్చికి, డబ్బు సంఘానికి, పాడుకున్నాయనకు పుణ్యం. ఒక్కరు కూడా చెడ్డవాళ్లు లేరు అక్కడ. ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గేటు బయట స్వామికి జరిగింది చెప్పాను. "దేవుని సొమ్మయినంక నేనెట్ల ముట్టుకుంటనమ్మా. మీ దేవుడైతేంది, మా దేవుడైతేంది" అన్నాడు. బండి ఎక్కబోయి, "అమ్మ ఎందుకు అమ్ముతున్నదో మీరు చెప్పకపోతిరి" అన్నాడు. ఏం లేదు స్వామీ అన్నాను.

ఇంటికి వచ్చాక ఆమెతో కొట్లాడాను. చర్చి పాస్టరు అయ్యగారికి ఒక్క మాట చెప్తే డబ్బు ఇచ్చేస్తాడు కదా అన్నాను.

"ఇస్తడు. గందుకే చెప్పొద్దంటున్న. దేవుని దగ్గర గుంజుకున్న పైసలతోని సూది ఏపిచ్చుకొని, మల్ల ఆదివారం ఏ ముఖం పెట్టుకొని గుడిల కూసోవాలె నేను?"

"ఎవ్వలన్న ఏమన్న అంటే అననీ."

"ఎవ్వలు అనరే. నాకే అనిపిస్తది."

ఆ తర్వాత ఆదివారం పోయి అదే హార్మోనియం వాయించింది. ఆ పై ఆదివారం కూడా. నేను తోటి పనివాళ్ల దగ్గర కొంచెం కొంచెం పోగేసి పరీక్షలు చేయించేసరికి ఎండాకాలం దాటింది. హైదరాబాద్‌లో డాక్టరు కాగితాలు చూసి, "ముందే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగాడు. "కోతలుండె సారూ" అంది పెద్దమ్మ. ఆ డబ్బు చేతికి వచ్చి ఉంటే బతికేదని నేను అనను. ఆయనా అనలేదు. అనకపోవడం వల్ల నాకేమీ తేలిక కాలేదు.

ఆపరేషన్ చెయ్యలేదు. మందులు ఎక్కించి పంపారు. క్రమంగా ఎడమ చెయ్యి ఉబ్బి, తిత్తి ఊపడానికి రాకుండా పోయింది. మంచాన పడ్డాక నేను ప్రతి శనివారం ఆఖరు బస్సుకు పోయి, ఆదివారం ఆమె దగ్గర ఉండేదాన్ని. చర్చి పాటలు ఇంట్లోకి వినబడేవి. ఆమెకు తప్ప మా ఊళ్లో ఎవరికీ వాయించడం రాదు. ఫోన్‌లో ట్రాకు పెట్టి స్పీకరుతో పాడుతున్నారు. ఒకరోజు చాలాసేపు చెవి పెట్టి విని, "మంచిగనే ఉన్నది. ఈడుస్తలేరు" అంది. అప్పుడు నేను బయటికి పోయి గోడవైపు తిరిగి ఏడ్చాను. ఆమె నన్ను చూడలేదనే అనుకుంటున్నాను.

దేవుని చిత్తం అని చాలామంది అన్నారు. సంఘపెద్ద మంచం పక్కన కూర్చుని, చిన్నగా, తాళం తప్పుతూ పాడాడు. ఆమె ఆపలేదు. గడ్డ సంగతి తనకు ఎవరూ చెప్పలేదని నా ముందు ఏడ్చాడు. ఆ హార్మోనియం కానుక కాదని నేను ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. అన్నా, నీ మీద నాకు కోపం లేదు. ఎవరి మీద ఉండాలో తెలిస్తే బాగుండేది.

వేలం జరిగిన రోజు నుంచి నేను ఆ చర్చి లోపల అడుగుపెట్టలేదు. ఆమెను మట్టి చేసే రోజున పోక తప్పలేదు. లోపల కొంచెం మార్పు కనిపించింది. రేకుల కింద ఎప్పుడూ ఉడికిపోయేది, ఇప్పుడు గాలి తగులుతోంది. నడుమ, కొత్త ఫ్యాన్ కింద పెద్దమ్మను పెట్టారు. ముఖం మీద కప్పిన తెల్ల వల గాలికి లేస్తుంటే, అయ్యగారి భార్య మాటిమాటికి సరిచేస్తోంది. నేను పక్కన కూర్చోగానే నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ ఫ్యాను వేలం పైసలతోనే ఏపిచ్చినం బిడ్డా. అందరికి ఎంత సుకమయిందో" అంది. తలూపాను.

పాట మధ్యలో కరెంటు పోయింది. స్పీకరు ఆగింది. నోటితో పాడుతూనే ఉన్నారు. ఫ్యాన్ కాసేపు తిరిగి, మెల్లబడి, ఆగిపోయింది. అంతదాకా కనబడని రాత అప్పుడు కనబడింది. మూడు రెక్కల మీదా ఎర్ర రంగుతో పెద్దమ్మ పేరు, దాని పక్కన 'కానుక' అని. కింద ఆమె ముఖం మీద వల కదలడం మానేసింది. ఈగలు రాకుండా ఎవరో పాటల పుస్తకంతో విసరడం మొదలుపెట్టారు.