హైకోర్టుతో వచ్చి, హైకోర్టుతో వెళ్ళిపోయినవాడు

మొన్న మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. బడి ఉత్సవాలకు సావనీరు వేస్తున్నారట. "మాస్టారూ, మన స్కూల్లో చదివి పైకొచ్చినవాళ్ళ గురించి మీరే రాయాలండీ. పాతవాళ్ళు ఇంకెవరున్నారు చెప్పండి?" అన్నాడు. మిగిలింది నువ్వేనని మర్యాదగా చెప్పాడన్నమాట. సరేనని కాగితాలు ముందేసుకున్నాను. మా బడి సామాన్యమైనదేమీ కాదు. దొరల కాలంలో పెంకుటి షెడ్డుగా మొదలై, పిడుగురాళ్ళ సున్నంతో కట్టిన లావుపాటి గోడలతో, మనిషెత్తు కిటికీలతో పెద్దదైంది. అందులోంచి ఒక కలెక్టరు వెళ్ళాడు, ఊరంతా చెయ్యి చూపించుకున్న డాక్టరు వెళ్ళాడు, ఒక మంత్రిగారూ వెళ్ళారు. ఆయన ఒక్కో ఫారం నిదానంగా రెండేసి ఏళ్ళు చదివారు కాబట్టి మా అందరికన్నా బడితో ఆయనకే అనుబంధం ఎక్కువ. వీళ్ళందరి గురించీ రాయాలని కూర్చుంటే కలం కదలలేదు. మా దగ్గర చదువైనా పూర్తి చెయ్యని ఒకడు వచ్చి కళ్ళముందు నిలబడ్డాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో రాజధాని కర్నూలుకు పోతే, హైకోర్టు మా గుంటూరుకు దక్కింది. కోర్టు వెంట మద్రాసు నుంచి వకీళ్ళు, వాళ్ళ వెంట బరువైన పుస్తకాల బీరువాలు, ఇత్తడి కాఫీ ఫిల్టర్లు, పిల్లలు దిగారు. బ్రాడీపేటలో ఖాళీ ఇల్లు దొరకడం గగనమైంది. అలా వచ్చిన ఒక వకీలుగారబ్బాయి మా ఫోర్తు ఫారంలో, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలో, నా పక్కన కూర్చున్నాడు. వాడికి తెలుగు చదవడం అంతంతమాత్రం. నాకు ఇంగ్లీషంటే దడ. సాయంత్రాలు మా అరుగు మీద ఒకరికొకరు పాఠం చెప్పుకునేవాళ్ళం. మాఘమాసంలో మిరపకాయల బళ్ళు ఊళ్ళోకి బారులు తీరాయంటే వాడికి తుమ్ములే తుమ్ములు. లెక్కల మాస్టారు సుద్దముక్క పట్టుకుని, అవి ఆగేదాకా ఓపిగ్గా నిలబడేవారు. మా అమ్మ మాత్రం, "కారానికి జడిస్తే ఈ జిల్లాలో ఎట్టా బతుకుతావురా అబ్బాయ్?" అని గోంగూర కలిపిన ముద్ద చేతిలో పెట్టేది. కళ్ళనీళ్ళు కారుతుండగానే వాడు ఇంకో ముద్దకు చెయ్యి చాపేవాడు.

వాడి అసలు ప్రజ్ఞ బాల్ బ్యాడ్మింటన్‌లో బయటపడింది. ఎడమచేతి వాటం. ఆ పసుపుపచ్చ ఉన్నిబంతిని వాడు ఎటు కొడతాడో వల అవతలవాళ్ళకు అందేది కాదు. మా డ్రిల్లు మాస్టారికి వాడు దేవుడిచ్చిన బిడ్డ. ఎప్పుడూ జిల్లా కప్పు చూసెరగని బడి మాది. ఈసారి వస్తుందని ఆయన ఊరంతా చెప్పుకున్నారు.

మేం సిక్స్తు ఫారంలో ఉండగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడిలో మిఠాయి పంచారు. అది నోట్లో ఉండగానే, హైకోర్టు హైదరాబాదు పోతోందని, తామూ వెళ్ళిపోతున్నామని వాడు చెప్పాడు. రాష్ట్రం వచ్చిన సంబరం నాకు అంతటితో సరి.

డ్రిల్లు మాస్టారు నన్ను వెంటబెట్టుకుని వకీలుగారింటికి వెళ్ళారు. "అయ్యా, పోటీలు దగ్గరికొచ్చాయండి. అబ్బాయి లేకపోతే మాకు జట్టే లేదండి."

"కోర్టే లేచిపోతుంటే ఆటేమిటండీ మాస్టారూ?" అన్నారాయన.

లోపల్నుంచి వాళ్ళమ్మగారు వచ్చారు. "గుమాస్తాగారు పుస్తకాలు సర్దుకుని వెనక వస్తారు కదా, ఆయనతో వస్తాడు లెండి. అందాకా వీళ్ళింట్లో ఉంటాడు" అని నా వంక చూపించారు. మా అమ్మను అడగాలని ఎవరికీ తోచలేదు. అవసరమూ రాలేదు.

ఆ కాసిన్ని రోజులూ మేం ఒకే నవారు మంచం మీద పడుకున్నాం. ఒక సాయంత్రం ఆటయ్యాక బ్రాడీపేట మీదుగా పోదామన్నాడు. తాళం పెట్టిన తమ ఇంటి ముందు సైకిలు ఆపించి చాలాసేపు చూశాడు. "ఇదేంట్రా, ఇంత చిన్న ఇల్లా మాది?" అన్నాడు.

ఫైనలు తెనాలి వాళ్ళతో. చెరో గేమూ గెలిచి మూడోదానికి వచ్చేసరికి పొద్దు వాలింది. మైదానం అంచున రిక్షాలో పెట్టె పెట్టుకుని గుమాస్తాగారు, "బాబూ, రైలు టైమైందయ్యా!" అని కేకలు. వాడు ఆయన వంక ఒక్కసారైనా చూడలేదు. ఆఖరి బంతిని గీత మీద కొట్టి గెలిపించాడు. మేం వాణ్ణి ఎత్తుకోబోయేలోగా గుమాస్తాగారు చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. నిక్కరుకు దుమ్ముతో, బ్యాటుతో, రిక్షాలో వెనక్కి తిరిగి కూర్చుని, మలుపు తిరిగేదాకా మమ్మల్నే చూస్తూ వెళ్ళాడు. కప్పు ఆ తరవాత ఇచ్చారు. ఫోటోకు ఐదుగురుండాలని వాడి చోట ఇంకొకణ్ణి నిలబెట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ బడి హాల్లో ఉంది.

కొన్నేళ్ళకు, టీచరు ఉద్యోగం వచ్చిన కొత్తలో, పనిమీద హైదరాబాదు వెళ్ళి వాళ్ళిల్లు వెతుక్కుంటూ పోయాను. నల్లకోటులో వచ్చాడు. "రండి, కూర్చోండి. గుంటూరులో అందరూ బాగున్నారా?" అన్నాడు. బాగున్నారండీ అన్నాను. ఇంతలో వాళ్ళమ్మగారు వచ్చి, "ఏరా, ఎంత పొడుగయ్యావురా! అమ్మ బాగుందా?" అని తల నిమిరారు. భోజనం పెట్టారు. వాడు కోర్టుకు వెళ్ళాల్సిన తొందరలో ఉన్నాడు. గేటు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయి, ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఆ కప్పు బరువుగా ఉండేదా?"

"అందరం కలిసి పట్టుకున్నాం. తెలియలేదురా" అన్నాను.

వాడు నవ్వాడు. కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

ఆ తరవాత వాడు ఆ హైకోర్టులోనే జడ్జి అయ్యాడని పేపర్లో చదివాను. మరికొన్నేళ్ళకు పోయాడనీ పేపర్లోనే చదివాను. ఈ మధ్యలో వెళ్దాంలే, వెళ్దాంలే అనుకుంటూనే ఉన్నాను. అప్పట్లో హైదరాబాదంటే రాత్రంతా రైలు. ఇప్పుడు పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకు చేరుకోవచ్చు. వెళ్ళి చూడటానికి మనిషి లేకుండా పోయాక, కాలం తీరిగ్గా దారిని దగ్గర చేసింది.