సర్దార్ బిడ్డ ఓరల్ పరీక్ష

ఆ రోజుల్లో గోదావరిఖనిలో ‘ఓరల్’ అనే మాట కాలేజీలో కంటే క్వార్టర్ల వరసల్లోనే ఎక్కువగా వినిపించేది. ఎనభైల చివరి సంగతి. మా వరసలో ఏ సాయంత్రం చూసినా ఇద్దరు ముగ్గురు వాకిట్లో మంచాలు వేసుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటూ కనిపించేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు జపమనుకునేవారు. జపం కాదు, బొగ్గు గనిలో బతకడానికి పనికొచ్చే నిబంధనలు. గనిలో కూలీగా చేరినవాడు సర్దార్ కావాలంటే, అంటే షిఫ్టులో తన కింద పనిచేసేవాళ్ళ ప్రాణాలకు పూచీ పడే మనిషి కావాలంటే, పెద్ద ఆఫీసర్ల ముందు నిలబడి నోటితో జవాబులు చెప్పి నెగ్గాలి. అదీ ఓరల్. కాబట్టి ఎం.ఏ. తెలుగు చదువుతున్న నాకు కూడా ఓరల్ ఉందని తెలిసినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. “ఏ సర్టిఫికెట్‌కు బిడ్డా?” అని మాత్రం అడిగారు. ప్రబంధాలు, శతకాలు, అలంకారాలు అడుగుతారని చెబితే, “గనిల గ్యాసు గురించి గిట్ల అడగరా?” అని పెదవి విరిచారు (గ్యాసు లేని పరీక్ష కూడా ఒక పరీక్షేనా అన్నట్టు).

అసలు సంగతేమిటంటే, ఆ పరీక్ష నేను అంతకు ముందు ఏడాదే ఒకసారి తప్పాను. రాత పరీక్షల్లో నా మార్కులు చూసి మా క్లాసులో కొందరికి కడుపు మండింది కూడా. కానీ మౌఖిక పరీక్ష గదిలో ముగ్గురు పెద్దవాళ్ళ ముందు కూర్చోగానే నా గొంతు సెలవు పెట్టేసింది. పేరు చెప్పమన్నారు, చెప్పాను. అంతే. ఆ తరవాత అడిగినవాటికి తల ఊపడం తప్ప నా నుంచి ఏమీ రాలేదు. జవాబులు తెలియక కాదు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ, వీధిలో మాట్లాడేది ఒక తెలుగు, పుస్తకాల్లో ఉన్నది ఇంకో తెలుగు. నోరు తెరిస్తే ఈ మూడింట్లో ఏది ముందు దూకుతుందో అని నా భయం. తురకల పిల్ల పద్యం చదువుతుంటే నవ్వుతారేమోనని ఇంకో భయం. “తల ఊపితే మార్కులు రావమ్మా” అని ఒకాయన మెల్లగానే అన్నారు గానీ, తిరుగు రైల్లో మా రామగుండం స్టేషన్ వచ్చేదాకా నా ఏడుపు ఆగలేదు.

రెండోసారి పిలుపు వచ్చేసరికి విషయం ఇంకా ముదిరింది. మా ఊళ్ళో కొత్తగా తెరిచిన జూనియర్ కాలేజీ వాళ్ళు తెలుగు లెక్చరర్ కోసం చూస్తున్నారు. ఓరల్ గట్టెక్కి కాగితం తెస్తే జూన్ నుంచి పాఠాలు చెప్పుకోవచ్చు, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటామని ప్రిన్సిపాల్ తేల్చి చెప్పేశాడు. నా కంటే ముందు మా అబ్బా, అంటే మా నాన్న, ఈ వార్త గనిలో మూడు షిఫ్టులకూ చేరవేశాడు. ఇక తప్పితే నా ఒక్కదాని పరువు కాదు పోయేది.

మా అబ్బా అప్పటికి పదేళ్ళుగా సర్దార్. ఉర్దూలో నాలుగో తరగతి చదువు. బొగ్గు ఎత్తే పనిలో చేరి, మూడోసారికి ఓరల్ నెగ్గిన మనిషి. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. బొగ్గు కోసం బాంబులు పేల్చిన చప్పుళ్ళకు చెవులు సగం పోయాయి. ఇలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, “ఓరల్ అంటే నాకు ఎర్కే. రెండుసార్లు తప్పినోన్ని. ఎట్ల తప్పుతరో నా కంటే బాగ ఎవలు జెప్తరు? ఇయాల్టి సంది రోజు గంట సేపు నేనే ఆఫీసర్‌ను, నువ్వు పరీక్షకు వొచ్చినవ్. లే, నిలవడు” అన్నాడు. సాహిత్యంలో ఏం అడుగుతావు అబ్బా అంటే, సవాళ్ళు నువ్వే రాసియ్యమన్నాడు. అలా నేను ప్రబంధ లక్షణాల మీద, శతక సంప్రదాయం మీద, నవరసాల మీద నలభై ప్రశ్నలు ఉర్దూ అక్షరాల్లో రాసిచ్చాను. ప్రపంచంలో అలాంటి ప్రశ్నపత్రం ఇంకోటి ఉండదని నా గట్టి నమ్మకం.

ఫస్ట్ షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ తాగి పరీక్షకు కూర్చునేవాడు. జవాబు తప్పో ఒప్పో ఆయనకు తెలియదు. కానీ జవాబు నిలబడిందా లేదా అన్నది మాత్రం మహా బాగా తెలుసు. “ఇనవడ్తలేదు” అనేది ఆయన మొదటి విమర్శ, రెండో విమర్శ, వారం రోజుల పాటు ఏకైక విమర్శ. ఆయన చెవులకు చేరాలంటే నేను అరవాలి. అరిచేదాన్ని. మా అమ్మీ వంటింట్లోంచి తల బయటపెట్టి, “కాయ్‌కు ఇత్తా చిల్లా రై గే?” అని విసుక్కునేది (ఎందుకే ఇంత అరుస్తున్నావు అని). పరీక్ష అయ్యాక అబ్బా అసలు పని మొదలయ్యేది. ప్రతి సర్దారూ షిఫ్టు చివర తన జిల్లాలో పైకప్పు, గాలి, నడిచే దారి, నీళ్ళు ఎలా ఉన్నాయో పుస్తకంలో రిపోర్టు రాయాలి (జిల్లా అంటే గనిలో అతను చూసుకునే భాగం లెండి). ఆ అలవాటు చొప్పున నా మీద కూడా రిపోర్టు రాసి, పైకి చదివి వినిపించేవాడు. “కప్పు: ఠీక్. గాలి: తక్కువ, మాట మధ్యల ఊపిరి తీస్తలేదు. నడక: జారుడున్నది, మూడో సవాల్ కాడ రెండు సార్లు జారింది. నీళ్ళు: కండ్లల్ల ఉన్నయ్.” నేను ఎం.ఏ.లో రెండేళ్ళు విమర్శ సిద్ధాంతాలు చదివాను గానీ, నా లోపాలు ఇంత కచ్చితంగా ఎవరూ పట్టుకోలేదు.

పక్క క్వార్టర్లో కోస్తా నుంచి వచ్చిన క్లర్కుగారి కుటుంబం ఉండేది. ఆ ఇంటి పిన్నిగారు పెళ్ళికి ముందు భాషాప్రవీణ చదివిన మనిషి. గోడ మీదుగా నా అరుపులు విని విని తట్టుకోలేక ఒకరోజు వచ్చేసింది. “అన్నయ్యగారూ, పద్యాన్ని అలా అరిపించకండి. మృదువుగా రావాలండీ” అంది. అబ్బా చాలా మర్యాదగా, “ఇనవడని పద్యం ఎంత తియ్యగుంటే ఏం లాభమమ్మా?” అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఇద్దరు పరీక్షకులు. ఆయన గొంతు పెంచమనేవాడు, ఆమె తగ్గించమనేది. ఆయన ఊపిరి చూసేవాడు, ఆమె ఉచ్చారణ చూసేది. నేను చెప్పిన ప్రబంధ లక్షణాల్లో సగం తప్పులని ఆమె తేల్చినప్పుడు అబ్బా మొహం చిన్నబోయింది. “గింత గట్టిగ చెప్పినంక సుత తప్పెట్లయితదమ్మా?” అని బాధపడ్డాడు. ఇటు పక్క క్వార్టర్లో ఒక అవ్వ ఉండేది, చదువు లేని మనిషి. నల్లా దగ్గర బిందె పెట్టుకుని నన్ను ఆపి, “రౌద్రం అయినంక ఏమొస్తది బిడ్డా? నిన్న ఆడనే ఆగినవ్, నాకు నిద్ర వట్టలే” అంది. వీరం వస్తుందని చెప్పి పంపాను.

నెల గడిచేసరికి నలభై ప్రశ్నలూ అరిగిపోయాయి. అబ్బాకు విసుగొచ్చింది. కొత్తవి రాసిచ్చే ఓపిక నాకు లేదు. దాంతో ఆయన తన సొంత సరుకు దించాడు. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా, హఠాత్తుగా వెనక నుంచి, “బేటా, కప్పుల పగులు కనవడ్డది. ఏం జేస్తవ్?” అని అడిగేవాడు. ఆయన ఓరల్‌లో ఆఫీసర్లు అడిగిన సవాలు అది. మొదటి రెండుసార్లూ దాని దగ్గరే తప్పాడట. “యాడికి వోయినా గదే అడుగుతరు” అనేవాడు. సాహిత్యంలో అడగరని నేను వాదించి వాదించి మానేశాను. ఎక్కడున్నదాన్ని అక్కడే నిలబడి, “ముందు మనుషులందరినీ బయటికి పంపిస్తాను సార్! అడ్డంగా కంచె కడతాను! ఎవరూ లోపలికి పోకుండా మనిషిని నిలబెడతాను! తరవాత పై ఆఫీసర్‌కు కబురు చేస్తాను సార్!” అని ఒక్క ఊపిరిలో చెప్పేదాన్ని. మొత్తం నా చదువులో నాకు తడుముకోకుండా వచ్చిన జవాబు అదొక్కటే.

పరీక్ష రోజు అబ్బా సెలవు పెట్టి నాతో రైల్లో యూనివర్సిటీకి వచ్చాడు. నన్ను లోపలికి పంపి, తలుపు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల మళ్ళీ ముగ్గురే. ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆవిడ. మధ్యలో మందపాటి కళ్ళద్దాల సార్, పోయినేడు తల ఊపొద్దన్న ఆయనే. కానీ శతకం గురించి మొదటి ప్రశ్న అడగగానే నా గొంతు అలవాటు కొద్దీ మా అబ్బా చెవులకు సరిపడేంత పైకి లేచింది. అంత చిన్న గదిలో నా జవాబుకు ముగ్గురూ కుర్చీల్లో వెనక్కి జరిగారు. అటెండరు తలుపు సందులోంచి తొంగి చూశాడు. నేను ఆగలేదు. రెండో జవాబు, మూడో జవాబు, పిన్నిగారు దిద్దిన ఉచ్చారణతో, అబ్బా దిద్దిన ఊపిరితో సాఫీగా వచ్చేశాయి. నాలో నేను మురిసిపోతున్నాను. అప్పుడు కళ్ళద్దాల సార్ ముందుకు వంగి అడిగారు. “రేపు నువ్వు క్లాసులో పద్యం చెబుతున్నావు. మధ్యలో నీకే అర్థం కాని చోటు కనబడింది. ఏం చేస్తావు?”

‘కనబడింది, ఏం చేస్తావు’ అన్నది చెవిలో పడటమే ఆలస్యం. “ముందు మనుషులందరినీ బయటికి పంపిస్తాను సార్! అడ్డంగా కంచె కడతాను! ఎవరూ లోపలికి పోకుండా మనిషిని నిలబెడతాను! తరవాత పై ఆఫీసర్‌కు కబురు చేస్తాను సార్!”

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళద్దాల సార్ నెమ్మదిగా, “పద్యానికి కంచె కడతావా అమ్మా?” అన్నారు. పోయినేటి పిల్లయితే అక్కడే ముగిసిపోయేది. కానీ జారినప్పుడు ఏం చెయ్యాలో కూడా అబ్బా నేర్పాడు. ఆగు, ఊపిరి తీసుకో, నిలబడ్డ చోటు నుంచే మళ్ళీ మాట్లాడు. తీసుకున్నాను. “కడతాను సార్” అన్నాను. “మా అబ్బా గనిలో సర్దార్. షిఫ్టు మొదట్లో ముందు తానొక్కడే లోపలికి పోతాడు. గడకర్రతో పైకప్పు తట్టి, చప్పుడు విని, నిలుస్తుందనుకుంటేనే మిగతావాళ్ళను పిలుస్తాడు. నాకు తెలియని చోటికి నేను పిల్లలను తీసుకుపోను సార్. ఇది నాకు తెలియదు, రేపు చెబుతానని పిల్లలతోనే చెప్పేస్తాను. ఇంటికి పోయి నేనొక్కదాన్నే దాన్ని తట్టి చూస్తాను. అప్పటికీ తెలియకపోతే మా పక్కింటి పిన్నిగారిని అడుగుతాను.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కళ్ళద్దాల సార్ పక్కవాళ్ళ వైపు చూసి, కాగితం మీద ఏదో రాసుకుని, “నీకిష్టమైన పద్యం ఒకటి చదువమ్మా” అన్నారు. చదివాను. మృదువుగా చదవమన్న పిన్నిగారి మాట గుర్తొచ్చి మొదటి పాదం మృదువుగా చదివాను. తరవాత నా వల్ల కాలేదు, బయట కూర్చున్న మనిషి కోసం మిగతా మూడు పాదాలూ చదివాను.

బయటికి వచ్చేసరికి అబ్బా లేచి నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. “అంత ఇనవడ్డది” అన్నాడు. మూసిన తలుపు అవతల నుంచి, ఆ చెవులతో! “ఆళ్ళు అడిగింది ఇనవడలే. నువ్వు జెప్పింది మాత్రం ఒక్క మాట పోకుండ ఇన్న. నేను జెప్పలే? యాడికి వోయినా గదే అడుగుతరని! ఎంత పెద్ద ప్రొఫెసర్లయినా కప్పు కాడికే వొస్తరు!” అన్నాడు. ఆయన సంబరం చూశాక అది పద్యం గురించి అడిగిన ప్రశ్న అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ తరవాతా ఎప్పుడూ చెప్పలేదు.

తిరుగు రైల్లో మా పెట్టెలో బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళు అడగకుండానే అబ్బా మొదలుపెట్టాడు. “మా బిడ్డ తెలుగుల పెద్ద ఓరల్ ఇచ్చొచ్చింది. పాసైంది” అన్నాడు. నేను మోచేత్తో పొడిచి, “ఇంకా రిజల్ట్ రాలేదబ్బా” అన్నాను. “రిజల్ట్ రాసుడు ఆళ్ళ పని. నిలవడి జెప్పినవ్ గద, పాసయినట్టే” అని, నా జవాబు మొదటి నుంచి చివరి దాకా వాళ్ళకు అప్పజెప్పాడు. నేను సిగ్గుతో చచ్చిపోయి, దుపట్టా తల మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రిజల్ట్ తరవాత వచ్చింది, పాసయ్యాను. జూన్‌లో కాలేజీకి వెళ్ళాను. మొదటి వారంలోనే నాకు అర్థం కాని పద్యం ఒకటి ఎదురైంది, తెలియదని పిల్లలతో చెప్పి పుస్తకం మూశాను.

కిటికీ వైపు తిరిగి కూర్చున్న ఆ పిల్ల ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తుంది, నవ్వొస్తుంది. ఊరంతా వినేలా జవాబులు చెప్పడం నేర్చుకుంది గానీ, తన గురించి తండ్రి చెబుతుంటే వినడం మాత్రం రాలేదు పిచ్చిదానికి. అబ్బా పోయి చాలా ఏళ్ళయింది. ఆ రైల్లో ఇంకొక్కసారి ఆయన పక్కన కూర్చునే వీలుంటే, దుపట్టా తీసేసి ఆయన వైపే తిరిగి కూర్చుంటాను, రామగుండం వచ్చేదాకా.