కడపంక్తి నుంచి వడ్డన

మొన్న మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. "వంట పంతులు పోయిండే. పొద్దుగాల గుళ్ళె పొంగలి వండి వచ్చిండు. జరసేపు ఒరుగుత అని చాప మీద ఒరిగిండు. గంతే."

జల్‌పల్లి దగ్గర ఒక గోడౌన్‌లో పార్సిళ్లు కట్టడం నా పని. సగం రోజు సెలవు అడిగితే సూపర్‌వైజర్ "చుట్టమా?" అన్నాడు. చుట్టం కాదు. యాకుత్‌పురాలో మా పక్కింటాయన, గల్లీ చివరి గుళ్ళో ప్రసాదం వండే మనిషి. "చుట్టం కన్న ఎక్కువ" అని బ్యాగు భుజాన వేసుకుని వచ్చేశాను.

ఆయన మహానుభావుడని చెప్పను. చెప్తే ఆయనే ఒప్పుకోడు. కోపిష్టి. బెల్లం అమ్మేవాళ్లంతా మోసగాళ్లని ఆయన నమ్మకం. కానీ నాకు పేపరు చదవడం అలవాటు చేసింది ఆయనే. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. రోజూ తను చదివాక ఆ పేపరును గోడ మీదుగా మా ఇంట్లోకి విసిరేవాడు. దానికి నెయ్యి వాసన. ఆయన వేళ్లు తగిలిన చోట కాగితం అద్దంలా మెరిసి, వెనక పేజీ వార్త ముందుకు కనిపించేది. నేను నేర్చుకున్న చట్టాలు, జీతాలు, పని గంటలు అన్నీ ఆ నెయ్యి మరకల్లోంచి చదివినవే.

చదివాక గోడకు ఇటు నేను, అటు ఆయన. ఇక లొల్లి.

"మనం ఎన్ని గంటలు పని చెయ్యాల్నో ఏసీల కూసున్నోళ్లు చెప్తున్నరు పంతులూ!"

"నీకు అందరూ దొంగలే కనపడ్తరు. సేటు లేకుంటే గోడౌన్ ఎవడు పెడ్తడు, నువ్వు పెడ్తవా?"

"పెట్టనీ. గోడౌన్‌ల ఉన్న ఒక్క ఫ్యాన్‌ను సూపర్‌వైజర్ తనోళ్ల మీదికే ఎందుకు తిప్పుకుంటడు?"

"నువ్వుంటే నీ మీదికి తిప్పుకోవా?"

ఆ మాటకు నాకు మంటగా ఉండేది.

ఒక ధనుర్మాసంలో ఆయన్ను నిలదీసే అవకాశం నాకూ దొరికింది. తెల్లవారుజామున చలిలో వరుస గుడి బయటిదాకా ఉంది. గుడి ముందు పూలమ్మే అమ్మ, వీధులు ఊడ్చేవాళ్లు చివర నిలబడ్డారు. తెల్ల చొక్కాలవాళ్లు కొందరు కారు దిగి నేరుగా లోపలికి పోయారు. పంతులు వాళ్లకు దొన్నెలు నింపి ఇచ్చాడు. వరుస చివరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. నేను ఊరుకోలేదు. "వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఒకటే అంటరు గద పంతులూ. మీరెవరోళ్లు? మీ పొంగలికి గూడ పైరవీ కావాల్నా?" అని అందరి ముందు అడిగేశాను.

ఆయన ముఖం నల్లబడింది. కొన్నాళ్లు గోడ మీదుగా పేపరు రాలేదు.

తర్వాత ఒక పొద్దున గుడికి పోతే, ఆయన గిన్నె ఎత్తుకుని వరుస చివరికి నడుస్తున్నాడు. ఊడ్చేవాళ్ల దగ్గర మొదలుపెట్టాడు. కమిటీ పెద్దమనిషి పరుగున వచ్చి "ఇదేం పద్ధతి పంతులూ? సార్లు ముందట నిలబడ్డరు" అన్నాడు. "నిలబడనీ. వడ్డించేటోడు ఎవ్వనోడూ కాకుంటేనే కడపంక్తిల ముద్ద పడ్తది" అన్నాడాయన, తల ఎత్తకుండానే. అందరికీ పెట్టాక గుడి మెట్టు మీద కూర్చుని, అడుగంటిన మాడు గీక్కుని తిన్నాడు. ఆ రోజు నుంచి అదే ఆయన వాటా. నేను తిట్టినవాళ్లలో, తిట్టు విని మారిన పెద్దమనిషి ఆయన ఒక్కడే.

ఆ మరుసటి ఎండాకాలం నేను పని మానేద్దామనుకున్నాను. మా ఇల్లు నడిచేది ఆ పనితోనే, అయినా సరే అనుకున్నాను. గోడౌన్‌లో ఉన్నది ఒకటే పెద్ద ఫ్యాను. దాని కింద సూపర్‌వైజర్‌కు నచ్చినవాళ్లు. మిగతావాళ్లం షట్టర్ పక్కన, కాలే రేకుల కింద.

"మానేస్తే ఫ్యాన్ నీ దిక్కు తిరుగుతదా?" అన్నాడు పంతులు. "గంటె అడుగు."

"గంటె ఏంది?"

"ఎవరెక్కడ కూసోవాల్నో రాసే పని నాకియ్యి అని అడుగు. అందరి పేర్లు రాసినంక మిగిలిన జాగల నువ్వు కూసో. ముందుగాల నీ జాగ రాసుకున్నవనుకో, ఆ సూపర్‌వైజర్‌కు నీకు ఫరక్ లేదు."

అడిగాను. "రాయ్, నీ లొల్లి పోతది" అని నవ్వాడు సూపర్‌వైజర్. చార్టు రాశాను. నాకు మిగిలింది షట్టర్ పక్క జాగానే. ఫలక్‌నుమా నుంచి పనికి వచ్చే, మేమంతా ఆపా అని పిలిచే పెద్దక్క "లీడర్‌వైనవ్, ఎండల కూసున్నవ్. దిమాగ్ ఖరాబైందా?" అని ఎగతాళి చేసింది. సాయంత్రం వచ్చి గోడ మీదుగా అరిచాను: "మీ మాట విని ఉడికిపోయిన!" ఆయన నవ్వాడు. "ఉడకకుంటే పొంగలి ఎట్లయితది బిడ్డా?"

మరుసటి వారం ఆపా తనే రాస్తానంది. రాసి, తనే షట్టర్ పక్కన కూర్చుంది. ఇప్పుడు అందరం వంతులవారీగా రాస్తున్నాం. రాసినవాళ్లదే ఆఖరి జాగా. ఫ్యాను కింద తప్ప ఎన్నడూ కూర్చోనివాళ్లు కూడా రేకుల వేడి చూశారు. అందుకే రెండో ఫ్యాను అడగడానికి సేటు దగ్గరికి అందరం కలిసి పోయాం. ఫ్యాను ఇంకా రాలేదు. సూపర్‌వైజర్ కుర్చీ ఇంకా చార్టులోకి రాలేదు. కానీ ఇప్పుడు అరిచేది నేనొక్కదాన్నే కాదు. ఈ దేశంలో రూల్స్ రాసేవాళ్లను నేను అడిగేది కూడా ఇదే. రాయండి సారూ, రాసినంక రేకుల కింద మీరు కూర్చోండి.

పంతులు పోయిన మర్నాడు గుడికి పోయాను. కొత్త వంటాయన గిన్నె పట్టుకుని అలవాటుగా వరుస ముందుకు నడిచాడు. ముందున్నవాళ్లెవరూ దొన్నె చాపలేదు. వెనక నుంచి పూలమ్మే అమ్మ పిలిచింది: "అయ్యా, ఈడికెల్లి." ఆయన తికమకపడి, చివరికి వచ్చి అక్కడి నుంచి వడ్డించాడు. గిన్నె ఖాళీ అయ్యాక గంటెతో అలాగే నిలబడిపోయాడు. ఆ అమ్మ ఒక దొన్నె ఆయన చేతిలో పెట్టి, మెట్టు చూపించింది.

ఆయన కూర్చున్నాడు. గంటె ఇత్తడి అడుగును గీకే చప్పుడు వినిపించేదాకా మాలో ఎవరూ కదల్లేదు.