మూడోసారి కట్టిన రిబ్బను

ఢిల్లీలో శరణార్థి యువతకు కంప్యూటర్ నెట్‌వర్కింగ్ నేర్పుతున్నారట, ఆదివారాలు వెళ్లి పాఠం చెప్పొచ్చా అని మొన్న ఒక పాఠకుడు అడిగాడు. చూసొద్దామని నేనే బయల్దేరాను. పదింటికి సరోజినీ నగర్‌లో పింక్ లైన్ మెట్రో ఎక్కి, లాజ్‌పత్ నగర్‌లో వయొలెట్ లైన్‌కు మారి, తర్వాతి స్టేషన్ జంగ్‌పురాలో దిగాను. టికెట్టు నలభై లోపే. అక్కణ్ణుంచి భోగల్ నడక దూరం. దారిలో అఫ్గాన్ తందూరు దగ్గర వేడి రొట్టె కట్టించుకున్నాను.

సెంటర్ నడిపేది ఓ స్వచ్ఛంద సంస్థ. సామాను, టీచరు జీతం దానితో ఒప్పందం చేసుకున్న వృత్తివిద్యా సంస్థ, అంటే పార్ట్‌నర్, ఇవ్వాలి. కోఆర్డినేటర్ ప్రసాద్ మన భీమవరం కుర్రాడే. గదిలో కంప్యూటర్లను కలిపే స్విచ్‌లు బిగించిన నిలువెత్తు నెట్‌వర్క్ రాక్, దాని నడుముకు ఎర్ర రిబ్బను! దాని ముందు నేలమీద ఫర్జానా అనే అఫ్గాన్ అమ్మాయి కేబుల్ చివర్లు కత్తిరించుకుంటోంది. సోమవారం ఆమెకు అప్రెంటిస్ పరీక్ష. నడుస్తున్న స్విచ్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు.

"మరి దీనిమీద ప్రాక్టీస్ చేయదేం?"

"ముట్టుకోకూడదు మేడమ్. కొత్త పార్ట్‌నర్ వచ్చి ఓపెనింగ్ చెయ్యాలండి."

"ఇది కొత్తదా?"

"కొత్తదేంటండీ! ఇప్పటికే రెండుసార్లు ఓపెనింగ్ అయిపోయింది. పార్ట్‌నర్ మారినప్పుడల్లా నేనే కడతాను."

పాత పార్ట్‌నర్లిద్దరూ రిబ్బను కోసి, ఫోటో దిగి, కొన్నాళ్లకే టీచరు జీతం ఆపేశారట. ప్రారంభోత్సవం అన్న మాట ఉంది మనకు. కొనసాగింపోత్సవం అన్న మాట ఎవరైనా విన్నారా?

"సోమవారం ఈ పిల్ల తప్పితే ఆ ఫోటోలో ఎవరు నవ్వుతారయ్యా?" అని అరిచాను.

"నామీద అరిస్తే ఏం లాభమండీ? నా జీతం కూడా రిబ్బన్ కట్ అయ్యాకే!"

ఫర్జానాకు తెలుగు రాదు. రిబ్బను వైపు చాచిన నా వేలు మాత్రం అర్థమైంది. "ఆంటీజీ, మైఁ తో రోజ్ తార్ కాట్‌తీ హూఁ" అంది. రోజూ తీగలు కోసేదానికి ఇదొక లెక్కా అని! చేతిలోని కటర్‌తో టక్కున కోసేసింది.

"అరే, క్యా కియా!" అంటూ, ఎంత పని చేశావని నెత్తి పట్టుకున్న ప్రసాద్, చివరికి తనే ప్లగ్గు పెట్టాడు. పచ్చ దీపాలు మినుకుమన్నాయి. "ఇంకో మీటరు రిబ్బను కొనాలి" అని గొణిగాడు.

ఊరే కాదు, దేశమే పోయినవాళ్లకు చేతిలో పని ఒక్కటే వెంట వచ్చేది. దాన్నీ ఫోటోకు తాకట్టు పెట్టిన పెద్దమనుషులను నేనెందుకు మెచ్చుకోవాలి? సాయంత్రం నేను లేచేదాకా ఫర్జానా తల ఎత్తలేదు. నేనిచ్చిన రొట్టె ఆమె పక్కనే చల్లారిపోయింది. పాఠం చెప్పడానికి వెళ్లేవాళ్లకు ఒకటే మాట: ఓపెనింగ్ రోజున వెళ్లకండి. మామూలు రోజు వెళ్లి, దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడండి. సంచిలో ఒక కత్తెర ఉంచుకోండి.