కుక్క మెడలో మువ్వలు

అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంట్‌ను అంటిపెట్టుకున్న వీధికుక్కకు చెప్పులంటే ప్రాణం. పంజాగుట్టలో కొన్న నా కొత్త జత రెండు రోజులు కూడా నిలవలేదు. తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టి, చివరికి మా అమ్మ పాత పట్టీల మువ్వలు దాని మెడకు కట్టాను. అవి మోగితే చాలు, అందరం ఉరికి గుమ్మం ముందున్న చెప్పులు లోపల పెట్టుకునేవాళ్లం.

ఒక సాయంత్రం మెట్ల మీద ఘల్లుమంది. మా అంతస్తంతా బయటికి ఉరికింది. చూస్తే, కాళ్లకు పట్టీలతో ఎదురింటి కొత్తకోడలు! చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాం.

"నా కోసం ఇంతమంది వచ్చిన్రా!" అని ఆమె మురిసిపోయింది. చెప్పులు విడిచి మా అమ్మ కాళ్లకు మొక్కింది. మాకు నవ్వు ఆగలేదు.

ఆమె లేచేసరికి ఒక్క చెప్పే మిగిలింది. మెట్ల కింద ఘల్లుఘల్లుమంది.