మామ్మ అల్లిన గోల్ వల

మా ఊరి పిల్లల ఫుట్‌బాల్ క్లబ్బుకి నేను సెక్రటరీని. బంతిని తన్నడం రాకపోయినా, బంతి కోసం తిరగడానికి మోటార్‌సైకిల్ ఉన్నవాడికి ఇచ్చే పదవి అది. నా కాలికీ బంతికీ పొత్తు కుదరదని పిల్లలందరికీ తెలుసు. అయినా "సెక్రటరీ గారండీ" అని పిలుస్తూనే నాచేత బంతులకి గాలి కొట్టిస్తారు.

నరసాపురం దాటాక, సముద్రానికి దగ్గర్లో ఉంది మా ఊరు. గ్రౌండుకి ఒకపక్క రొయ్యల చెరువు. గోల్‌పోస్టులు సరుగుడు కర్రలవి. పాలకొల్లు పిల్లలతో మ్యాచ్ ఇంకో వారం ఉందనగా, ఒకవైపు గోల్ వల ఎండకి చివికి చేతిలోకి పొడిలా రాలింది. కొత్తది తేవడం నావల్ల కాలేదు గానీ మా గోలీ వాళ్ళ మామ్మ వల్ల అయింది.

గోలీ అంటే పన్నెండేళ్ళ పిల్ల. గోలీ సోడాలో గోలీలాగే మూతి దగ్గర అడ్డం పడడం ఆమె పని. కిందటి మ్యాచ్‌లో మూడు గోల్స్ వదిలేసింది. "ఈసారి ఒక్కటి పడినా గ్లవ్స్ ఇంకొకళ్ళకి ఇచ్చేద్దామమ్మా" అన్నారు కోచ్ మాస్టారు మెత్తగానే. అప్పటినుంచి ఆ పిల్ల గ్లవ్స్ తీస్తే ఒట్టు. జంతికలు కూడా వాటితోనే తింటోంది.

వాళ్ళది చేపలు పట్టే ఇల్లు. మామ్మ వారంలో వల అల్లేసింది. మ్యాచ్ రోజు పొద్దున్నే తనే వచ్చి కట్టి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. తర్వాత నన్ను పక్కకి పిలిచింది.

"సెక్రటరీ గారండీ, కొత్త వల మొదటిరోజు ఖాళీగా ఇంటికి రాకూడదండి. మా ఇంటి ఆనవాయితీ. ఏదో ఒకటి పడాలి."

"దానికేం భాగ్యమండీ, ఆట మొదలవ్వకుండానే నేనొకటి పడేస్తాను" అన్నాను. గోల్ ముందు ఎవరూ లేరు. తన్నాను. కొబ్బరి చిప్ప ఎగిరింది, బంతి రొయ్యల చెరువులో పడింది.

"సార్, వల దగ్గరకి కాదండీ, ఏకంగా రొయ్యల దగ్గరకే పంపేశారు!" అన్నాడొకడు. బంతిని తీసి తుడిచేసరికి రిఫరీ విజిల్ వేసేశాడు.

మొదటి సగం కొత్త వల ముందు పాలకొల్లు గోలీ నిలబడ్డాడు. మామ్మ దాని వెనకే కుర్చీ వేయించుకుని, "కొట్టండ్రా! నా వల చూసి కొట్టండి!" అని మావాళ్ళని ఒకటే అదిలింపు. మావాళ్ళు కొట్టారు గానీ ఒక్కటీ పడలేదు. విరామం అయ్యాక నాకు మళ్ళీ పిలుపొచ్చింది.

"ఏవండీ, మా పిల్ల ఇటొచ్చి నిలబడిందేంటి?"

"సగం ఆటయ్యాక వైపులు మారతారండి."

మామ్మ వలని చూసింది, మనవరాలిని చూసింది. "అంటే నా వల నిండితే దాని చేతులు ఖాళీ అన్నమాట."

అన్నమాటే. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాను, ఏ సంగతినీ ఇంత పొట్టిగా తేల్చలేదు.

ఇక రెండో సగమంతా మామ్మ పక్కన కూర్చోవడం నాకు పరీక్షే. మనవరాలు బంతి ఆపిన ప్రతిసారీ ఒకే ఊపిరిలో "భలే! అయ్యో!" అంటుంది. ఆ రెంటిలో ఏది గట్టిదో చివరిదాకా తేలలేదు. కాసేపటికి నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను.

ఆఖరి నిమిషంలో పాలకొల్లు పొడుగు కుర్రాడు గట్టిగా తన్నాడు. మామ్మ కుర్చీలోంచి లేచింది. "పడనివ్వకే!" అని అరిచింది, ఈసారి వెనకాల అయ్యో లేదు.

పిల్ల ఎగిరింది. పిడికిలితో కొట్టిన దెబ్బకి బంతి కర్ర మీదుగా బయటికి పోయింది. ఎగిరిన ఊపుకి పిల్ల మాత్రం వెనక్కి వెళ్ళి వలలో పడింది. కాళ్ళు వల కన్నుల్లో ఇరుక్కున్నాయి, సరుగుడు కర్ర ఊగింది, విజిల్ మోగింది.

"మామ్మా! పడలేదే, పడలేదు!" అని అందులోంచే గ్లవ్స్ ఊపుతోంది.

"పడిందిలేవే, కదలకు, కన్ను తెగుద్ది." మామ్మ చతికిలబడి, కాలివేళ్ళ నుంచి ఒక్కొక్క పోగూ విడదీస్తూ నావైపు తిరిగింది.

"చూశారా అండీ? మొదటిరోజే ఇంత పెద్దది మా ఇంట్లో ఎవరికీ పడలేదు!"